అర్హత గల కౌన్సెలర్ అంటే ఎవరు? కోల్‌కతా ముందున్న ప్రశ్న

2023 జూలైలో విశాఖపట్నంలో ఒక హాస్టల్‌లో ఉంటూ నీట్ పరీక్షకు శిక్షణ పొందుతున్న పదిహేడేళ్ల విద్యార్థిని మరణించింది. ఆమె పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన అమ్మాయి. దర్యాప్తు సాగిన తీరుపై నమ్మకం కోల్పోయిన తండ్రి ఇటు కోల్‌కతా పోలీసులకు ఫిర్యాదు చేశారు, అటు ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించారు. అక్కడ ఊరట దక్కకపోవడంతో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 జూలై 25న న్యాయమూర్తులు విక్రమ్ నాథ్, సందీప్ మెహతాల ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అంతటితో ఆగక, విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ వర్తించే 15 మార్గదర్శకాలను జారీ చేసింది. తగిన చట్టం వచ్చేవరకు వీటినే చట్టంగా పాటించాలని ఆదేశించింది.

ఆ మార్గదర్శకాలలో ఒకటి ప్రత్యేకంగా గమనించదగినది. నూరుగురు లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను గాని, సైకాలజిస్టును గాని, సామాజిక కార్యకర్తను గాని నియమించుకోవాలి. వారికి పిల్లల, కౌమార వయస్కుల మానసిక ఆరోగ్యంలో నిరూపించదగిన శిక్షణ ఉండాలి. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022 ఒక్క సంవత్సరంలోనే 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్న దేశంలో ఈ ఆదేశం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఆ వాక్యంలోని ‘అర్హత గల’ అన్న మాట దగ్గర ఎవరైనా ఆగవలసిందే. అర్హత ఉన్నదని తేల్చేది ఎవరు? న్యాయవాదికి బార్ కౌన్సిల్ ఉన్నది. వైద్యునికి మెడికల్ కౌన్సిల్ ఉన్నది. ఇంటి లెక్కలు చూసే చార్టర్డ్ అకౌంటెంటుకు సైతం ఒక సంస్థ, ఒక సభ్యత్వ సంఖ్య ఉన్నాయి. తల్లిదండ్రులకు కూడా చెప్పుకోలేని బాధను ఒక పిల్లవాడు ఎవరి ముందు విప్పుకోవాలో ఆ కౌన్సెలర్ పేరు ఏ రిజిస్టరులో చూసుకోవాలి? ఈ ప్రశ్నకు ప్రభుత్వాల వద్ద నేటికీ సూటి సమాధానం లేదు. కూతురిని కోల్పోయిన ఒక తండ్రి పోరాటం ఫలితంగా వచ్చిన తీర్పు అమలు కావాలంటే ముందు జవాబు దొరకవలసినది దీనికే.

మనోవిశ్లేషణ మొలకెత్తిన నగరం

ఈ ప్రశ్న కోల్‌కతాకు కొత్తది కాదు. భారతదేశంలో ఆధునిక మనస్తత్వ శాస్త్రానికి పుట్టిల్లు ఆ నగరమే. దేశంలో తొలి మనస్తత్వ శాస్త్ర విభాగం 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో మొదలైంది. 1922లో గిరీంద్రశేఖర్ బోస్ భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని అక్కడే స్థాపించారు. వియన్నాలోని సిగ్మండ్ ఫ్రాయిడ్‌తో ఆయన ఏళ్ల తరబడి ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపారు. ఫ్రాయిడ్ సిద్ధాంతాలతో అవసరమైనచోట విభేదించడానికీ వెనుకాడలేదు. 1933లో కార్మైకేల్ వైద్య కళాశాలలో మానసిక రోగుల కోసం బయటి రోగుల విభాగం తెరిపించినవారు కూడా ఆయనే. సాధారణ ఆసుపత్రిలో అటువంటి విభాగం రావడం దేశంలో అదే మొదటిసారి. ఆ కళాశాలకే నేడు ఆర్జీ కర్ అని పేరు. 1940లో ఆ సంఘం ఆధ్వర్యంలోనే లుంబినీ పార్క్ మానసిక చికిత్సాలయం వెలిసింది.

ఆ సంఘంలో వైద్యులతో పాటు కళాశాల అధ్యాపకులూ ఉండేవారు. మనోచికిత్స చేయడానికి వైద్య పట్టా తప్పనిసరియా అన్న చర్చ ఆనాడు ఐరోపాను కుదిపేస్తున్నది. వియన్నాలో వైద్యుడు కాని థియోడర్ రైక్‌పై అనర్హ వైద్యం చేస్తున్నాడన్న ఆరోపణ వచ్చినప్పుడు, ఆయనను సమర్థిస్తూ ఫ్రాయిడ్ 1926లో ఒక పుస్తకమే వెలువరించారు. ఆ వాదన సారం ఇది: చికిత్స చేసే వ్యక్తి వైద్యుడా కాదా అన్నది ముఖ్యం కాదు, ఆ పనికి ప్రత్యేకంగా శిక్షణ పొందాడా లేదా అన్నదే ముఖ్యం. శిక్షణ లేని వైద్యుడు కూడా ఈ పనికి అనర్హుడే. గిరీంద్రశేఖరుడు తానే వైద్యుడైనప్పటికీ, కలకత్తా సంఘం సైతం సభ్యుని వృత్తిని కాక శిక్షణనే కొలబద్దగా తీసుకున్నది.

నూరేళ్ల క్రితం ప్రైవేటు సంఘం ఒకటి తనకు తానుగా వేసుకున్న ప్రశ్న ఇది. ఈ వృత్తిలోకి ఎవరు రావచ్చు, వచ్చినవారిని ఎవరు పరిశీలించాలి అన్న ఆ ప్రశ్నను స్వతంత్ర భారత ప్రభుత్వాలు చాలాకాలం తమదిగా భావించలేదు. వాటి దృష్టి ఎప్పుడూ మరొకచోట ఉండేది.

గోడల మీదే చట్టం చూపు

ఆ దృష్టి ఎక్కడ ఉండేదో చట్టాల పేర్లే చెబుతాయి. 1858 నాటి చట్టం పిచ్చాసుపత్రుల కోసం వచ్చింది. 1912 నాటి లూనసీ చట్టం ఎవరిని లోపల పెట్టాలి, ఏ మేజిస్ట్రేటు సంతకంతో పెట్టాలి అన్నదే ప్రధానంగా చర్చించింది. స్వాతంత్ర్యం వచ్చిన నలభై ఏళ్లకు 1987లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం భాషను మార్చింది, లైసెన్సు పద్ధతిని తెచ్చింది. కాని ఆ లైసెన్సు ఆసుపత్రికి, నర్సింగ్ హోముకు ఇచ్చేది. లోపల కూర్చుని రోగితో మాట్లాడే మనిషికి ఇచ్చేది కాదు.

ఆ చట్టాల నీడలో ఏమి జరిగిందో బెంగాల్ జైళ్లు సాక్ష్యం చెప్పాయి. ఏ నేరమూ చేయని మానసిక రోగులను పశ్చిమ బెంగాల్ కారాగారాలలో ఏళ్ల తరబడి బంధించి ఉంచిన వైనాన్ని పాత్రికేయురాలు షీలా బర్సే సుప్రీంకోర్టు ముందుకు తెచ్చారు. నేరం చేయని మానసిక రోగిని జైలులో పెట్టడం చట్టవిరుద్ధం, రాజ్యాంగ విరుద్ధం అని 1993లో న్యాయస్థానం తీర్పు చెప్పవలసి వచ్చింది. ఎనిమిదేళ్లు తిరగకముందే, 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక మానసిక రోగుల ఆశ్రమం అంటుకుని, గొలుసులతో కట్టివేసి ఉన్న 28 మంది సజీవ దహనమయ్యారు. అక్కడ మతవిశ్వాసం పేరిట రోగులను ఉంచుకున్నవారికి ఏ శిక్షణ ఉన్నదో ప్రభుత్వం ఏనాడూ అడగలేదు. మంటలు ఆరాక దేశమంతటా ఇలాంటి ఆశ్రమాలను లెక్కించే పని జరిగింది. ఆ లెక్క అవసరమే. కాని అప్పుడు కూడా ప్రభుత్వం లెక్కపెట్టినది కట్టడాలనే.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ చరిత్రలో నిస్సందేహంగా పెద్ద ముందడుగు. రోగి హక్కులను అది కేంద్రస్థానంలో నిలిపింది. గొలుసులను నిషేధించింది. మత్తుమందు ఇవ్వకుండా విద్యుత్ షాకు చికిత్స చేయరాదన్నది. వృత్తి నిపుణుల ప్రస్తావనా చేసింది. క్లినికల్ సైకాలజిస్టులను, మానసిక ఆరోగ్య నర్సులను, సైకియాట్రిక్ సామాజిక కార్యకర్తలను ప్రతి రాష్ట్రంలోని మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ నమోదు చేయాలనీ, ఆ జాబితాను ప్రచురించాలనీ 55వ సెక్షన్‌లో నిర్దేశించింది.

అయినా రెండు పెద్ద ఖాళీలు మిగిలాయి. మొదటిది: ఆ చట్టం నమోదు చేయాలన్న ‘మానసిక ఆరోగ్య సంస్థ’ నిర్వచనం రోగులను చేర్చుకుని ఉంచే చోట్లకే వర్తిస్తుంది. గరియాహాట్‌లోనో, సాల్ట్ లేక్‌లోనో, హైదరాబాదులోని అమీర్‌పేటలోనో ఒక గది అద్దెకు తీసుకుని గంటకు ఇంత అని వసూలు చేసే కౌన్సెలింగ్ కేంద్రం ఆ నిర్వచనంలోకి రాదు. ఫోనులో యాప్ ద్వారా మాట్లాడే ‘థెరపిస్టు’ అసలే రాడు. రెండవది: చట్టం పేర్కొన్న నిపుణుల జాబితాలో ‘కౌన్సెలర్’, ‘సైకోథెరపిస్టు’ అన్న మాటలే లేవు. పట్టణ మధ్యతరగతి కుటుంబం మానసిక వేదనతో మొట్టమొదట ఎవరి తలుపు తడుతుందో, ఆ మనిషినే చట్టం చూడలేదు.

నకిలీని పట్టాలంటే అసలు ఉండాలి

అదే 2017లో కోల్‌కతాలో మరో రెండు సంఘటనలు జరిగాయి. ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి మమతా బెనర్జీ నగరంలోని టౌన్ హాల్‌కు ప్రైవేటు ఆసుపత్రుల యాజమాన్యాలను పిలిపించి, బిల్లుల దోపిడీపై అందరి ఎదుటా నిలదీశారు. కొద్ది రోజులకే, మార్చి మొదట్లో, పశ్చిమ బెంగాల్ శాసనసభ వైద్య సంస్థల నమోదు, నియంత్రణ, పారదర్శకత చట్టాన్ని ఆమోదించింది. రోగుల ఫిర్యాదులు వినడానికి ఒక నియంత్రణ కమిషన్ ఏర్పడింది. ప్రజాగ్రహం ఉంటే, దానికి తోడు రాజకీయ లాభమూ కనిపిస్తే, ప్రభుత్వం ఎంత వేగంగా కదలగలదో చెప్పడానికి ఇదొక నిదర్శనం.

ఆ వేసవిలోనే రాష్ట్ర సీఐడీ నకిలీ వైద్యుల వేట మొదలుపెట్టింది. దొంగ పట్టాలతో, ఇతరుల రిజిస్ట్రేషన్ సంఖ్యలతో పనిచేస్తున్నవారు వరుసగా పట్టుబడ్డారు. వారిలో కొందరు కోల్‌కతాలోని ప్రైవేటు ఆసుపత్రులలో సైతం కొలువు చేసినవారే. నగరం ఉలిక్కిపడింది.

ఆ ఉదంతంలో ఎక్కువమంది గమనించని విషయం ఒకటి ఉన్నది. నకిలీ వైద్యులు ఎలా దొరికారు? వారి ప్రిస్క్రిప్షన్ మీద ఉన్న సంఖ్యను మెడికల్ కౌన్సిల్ రిజిస్టరుతో పోల్చి చూడటానికి వీలున్నది కనుక దొరికారు. ఆ సంఖ్య మరొకరిదని గాని, అసలు లేనేలేదని గాని రుజువు చేయగలిగారు. అసలు ఏదో తెలిసినప్పుడే నకిలీ ఏదో తెలుస్తుంది. కౌన్సెలర్ విషయంలో ఆ పోలికకే తావు లేదు. మూడు రోజుల ఆన్‌లైన్ కోర్సు చేసి, సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించుకుని, బోర్డు మీద ‘సైకోథెరపిస్టు’ అని రాయించుకున్న వ్యక్తిని ఏ పోలీసు అధికారి అయినా ఏ సెక్షన్ కింద పట్టుకోగలడు? అతడు అబద్ధమాడాడని చెప్పడానికి నిజం ఏమిటో చట్టం చెప్పి ఉండాలి కదా. వైద్యంలో నకిలీ నేరస్థుడు అవుతాడు. కౌన్సెలింగులో అతడు కేవలం ఒక పోటీదారు అవుతాడు.

పర్యవేక్షణ లోపం ఎవరికి నష్టమో కూడా చెప్పుకోవాలి. తప్పుడు మందు వేస్తే ఒంటిమీద గుర్తు కనబడుతుంది, పరీక్షలో తేలుతుంది. తప్పుడు కౌన్సెలింగ్ చేసే హాని అలా కనిపించదు. తీవ్రమైన మానసిక వ్యాధి లక్షణాలను గుర్తించలేక ‘సోమరితనం’ అని సర్దిచెప్పిన సందర్భం ఎక్కడా నమోదు కాదు. విద్యార్థి చెప్పుకున్న రహస్యాన్ని యాజమాన్యానికి చేరవేసిన కౌన్సెలర్‌పై ఫిర్యాదు చేయడానికి చోటే లేదు. స్వలింగ ప్రేమను ‘నయం చేస్తాను’ అంటూ ఒక యువకుని నెలల తరబడి నలిపివేసిన వారిని అడిగేవారు లేరు. బాధితుడు అప్పటికే తనమీద తనకు నమ్మకం సన్నగిల్లిన స్థితిలో ఉంటాడు. లోపం చికిత్సలో కాక తనలోనే ఉన్నదని అనుకుంటాడు. ఫిర్యాదుల సంఖ్య తక్కువగా ఉండటం ఈ రంగంలో అంతా బాగున్నదనడానికి రుజువు కాబోదు.

ముగ్గురు యజమానులు, పూర్తికాని రిజిస్టరు

ఖాళీ ఉన్నదని కేంద్రానికి తెలియక కాదు. క్లినికల్ సైకాలజిస్టులను భారత పునరావాస మండలి 1992 చట్టం కింద నమోదు చేస్తున్నది. నమోదు లేకుండా ఆ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మూడు దశాబ్దాల నాటి ఆ వెయ్యి రూపాయలు నేడు కోల్‌కతాలో ఒక గంట కౌన్సెలింగ్ రుసుముకైనా చాలవు. పైగా ఆ మండలి పనిచేసేది సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కింద. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆరోగ్య శాఖది. పాఠశాలల కౌన్సెలర్లు విద్యాశాఖల పరిధిలోకి వస్తారు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్నట్లు, యజమానులు ఎక్కువై బాధ్యత పలచబడింది.

2021లో పార్లమెంటు ఈ చిక్కును విప్పే ప్రయత్నం చేసింది. జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం మొట్టమొదటిసారిగా సైకాలజిస్టులను, ఆరోగ్య కౌన్సెలర్లను, క్లినికల్ సామాజిక కార్యకర్తలను, మానసిక ఆరోగ్య సహాయకులను తన షెడ్యూలులో చేర్చింది. ప్రతి రాష్ట్రం ఒక మండలిని ఏర్పాటు చేసి, ఈ వృత్తులవారి పేర్లను నమోదు చేయాలి. అందులోనూ ఒక మినహాయింపు ఉన్నది: పునరావాస మండలి పరిధిలో ఉన్న క్లినికల్ సైకాలజిస్టులు దీని కిందికి రారు. అంటే ఒకే గదిలో పక్కపక్కన కూర్చునే ఇద్దరు సైకాలజిస్టులకు రెండు మంత్రిత్వ శాఖలు, రెండు రిజిస్టర్లు.

చట్టం 2021 మే నెలలో అమలులోకి వచ్చింది. మూడేళ్లు గడిచాక, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెక్క ప్రకారం పద్నాలుగు రాష్ట్రాలే మండళ్లను ఏర్పాటు చేశాయి. అవైనా పనిచేయడం లేదన్న సంగతీ న్యాయస్థానం దృష్టికి వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 12 నాటికి చట్టాన్ని అమలు చేయాలని కేంద్రాన్ని, రాష్ట్రాలను ధర్మాసనం ఆదేశించింది. పార్లమెంటు చేసిన చట్టాన్ని అమలు చేయండి అని ప్రభుత్వాలకు న్యాయస్థానం గడువు పెట్టవలసి రావడంలోనే అసలు కథ ఉన్నది.

కారణం వెదకడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. ఆసుపత్రి బిల్లు మీద కోపం వీధిలోకి వస్తుంది, టీవీలో కనిపిస్తుంది, ఎన్నికల సభలో చప్పట్లు కొట్టిస్తుంది. కౌన్సెలింగులో మోసపోయిన మనిషి వీధిలోకి రాడు. తాను కౌన్సెలింగుకు వెళ్లిన సంగతే పక్కింటివారికి తెలియనివ్వడు. సిగ్గుపడే బాధితులు ఓటు బ్యాంకు కారు. అందువల్ల టౌన్ హాల్ సమావేశం ఈ విషయం మీద ఏ ముఖ్యమంత్రీ పెట్టలేదు, కోల్‌కతాలోనూ పెట్టలేదు, అమరావతిలోనూ హైదరాబాదులోనూ పెట్టలేదు.

ఈలోగా చదువుల వైపు నుంచి మరో గందరగోళం వచ్చిపడింది. నూతన విద్యా విధానం ఎం.ఫిల్.ను రద్దు చేసింది. క్లినికల్ సైకాలజిస్టు కావడానికి చట్టం గుర్తించిన ప్రధాన మార్గం ఆ రెండేళ్ల ఎం.ఫిల్.యే. దానికి 2025-26 ప్రవేశాల వరకు గడువు పొడిగించవలసి వచ్చింది. దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో సైకాలజీ సహా అనుబంధ ఆరోగ్య కోర్సులను 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి యూజీసీ నిలిపివేసింది. రోగిని ఎదురుగా చూడకుండా ఈ విద్య రాదన్నది నిజమే, నిర్ణయం సరైనదే. కాని అప్పటికే ఆ పట్టాలు పుచ్చుకుని పనిచేస్తున్న వేలాది మంది ఏ రిజిస్టరులో చేరాలి, ఏ అదనపు శిక్షణతో చేరాలి అన్నది కూడా వెంటనే తేల్చవలసిన సంగతి.

లైసెన్సు కంచె కాకూడదు

లైసెన్సు అనగానే వచ్చే అభ్యంతరం ఒకటి ఉన్నది. దానిని తేలికగా తీసుకోరాదు. దేశంలో లక్ష జనాభాకు ఒక్క మనోవైద్యుడైనా లేడు. పరిశోధకులు వేసిన అంచనా 0.75. పశ్చిమ బెంగాల్ సహా 12 రాష్ట్రాలలో నిమ్హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ సర్వేలో తేలిందేమంటే, మానసిక రుగ్మతను బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్సే అందడం లేదు. ఇటువంటి దేశంలో ఎం.ఫిల్. చేసినవారే నోరు విప్పాలని శాసిస్తే, సుందరవనాల పల్లెలోని మనిషికి, శ్రీకాకుళం తీరంలోని మనిషికి దక్కేది ఏమిటి? లైసెన్సు పెద్ద చదువులవారి గుత్తాధిపత్యం అవుతుంది. దాని వెంట ఇన్‌స్పెక్టరూ, ఇన్‌స్పెక్టరు వెంట లంచమూ వస్తాయి.

ఈ భయానికి కోల్‌కతాయే కొంత జవాబు ఇస్తుంది. రత్నావళి రాయ్ స్థాపించిన అంజలి అనే సంస్థ 2000 సంవత్సరం నుంచి ప్రభుత్వ మానసిక చికిత్సాలయాల లోపల రోగుల హక్కుల కోసం పనిచేస్తున్నది. జనమానస్ కార్యక్రమం ద్వారా పురపాలక సంఘాల పరిధిలో సాధారణ మహిళలకు శిక్షణ ఇచ్చి, బస్తీలలో మొదటి మాట వినే బాధ్యతను వారికి అప్పగించింది. గోవాలో విక్రమ్ పటేల్ బృందం చేసిన పరిశోధనలు కూడా ఇదే దారిని చూపాయి. పెద్ద చదువులు లేని స్థానికులకు కొద్ది వారాల శిక్షణ ఇచ్చి, నిపుణుల పర్యవేక్షణలో ఉంచితే, సాధారణ కుంగుబాటుతో ఉన్నవారికి నిజమైన మేలు జరుగుతుందని తేలింది.

అక్కడ గమనించవలసిన మాట ‘పర్యవేక్షణలో’ అన్నదే. ఆ మహిళ ఒంటరిగా బోర్డు కట్టుకుని కూర్చోలేదు. తనకు చేతకాని కేసు ఏదో, దాన్ని ఎవరికి పంపాలో ఆమెకు తెలుసు. ఆమె పనిని వారం వారం చూసేవారు ఉన్నారు. కేంద్ర ప్రభుత్వం కూడా ఈ పద్ధతిని తన సొంత పనిలో పాటిస్తున్నది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరుపై ఫోను చేస్తే ముందుగా పలికేది శిక్షణ పొందిన కౌన్సెలర్. వారి వెనుక క్లినికల్ సైకాలజిస్టులు, మనోవైద్యులు ఉంటారు. తన ఫోను ఎవరు ఎత్తాలో ప్రభుత్వానికి తెలిసినప్పుడు, ప్రైవేటు గదిలో ఎవరు కూర్చోవాలో మాత్రం తేల్చలేమనడం కుదరదు.

విదేశాల అనుభవం రెండు వైపులా పాఠమే. అమెరికాలో సైకాలజిస్టుల లైసెన్సు 1945లో కనెక్టికట్‌తో మొదలై 1977లో మిస్సోరీతో అన్ని రాష్ట్రాలకూ చేరింది. కౌన్సెలర్లకు 1976లో వర్జీనియా దారి చూపితే, కాలిఫోర్నియా వరకు చేరేసరికి 2009 అయింది. నేడు డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగు కుటుంబం తమ బిడ్డకు కౌన్సెలర్‌ను వెదికితే, ఆ రాష్ట్ర బోర్డు వెబ్‌సైట్‌లో పేరు కొట్టి లైసెన్సు ఉన్నదా, ఏవైనా శిక్షలు పడ్డాయా అని నిమిషంలో చూసుకోగలదు. అదే కుటుంబం విజయవాడలో ఉన్న మేనకోడలి కోసం వెదికితే చేతిలో ఉండేది గూగుల్‌లోని నక్షత్రాల లెక్క ఒక్కటే. బ్రిటన్‌ది మరో పాఠం. అక్కడ క్లినికల్ సైకాలజిస్టు అన్న బిరుదుకు 2009 నుంచి చట్ట రక్షణ ఉన్నది. ‘సైకోథెరపిస్టు’, ‘కౌన్సెలర్’ అన్న మాటలకు లేదు. ఒక మాటకు తాళం వేసి పక్క మాటను బార్లా తెరిచి ఉంచితే, అర్హత లేనివారు బోర్డు మీద పేరు మార్చుకుంటే సరిపోతుంది. భారతదేశం నేడు సరిగ్గా ఆ స్థితిలోనే ఉన్నది.

చేయవలసినవి

కొత్త చట్టం కోసం ఎదురుచూడవలసిన పని లేదు. ఉన్నవాటిని అమలు చేస్తే చాలావరకు దారి దొరుకుతుంది.

మొదటిది, ఒకే బహిరంగ రిజిస్టరు. పునరావాస మండలి, మెడికల్ కౌన్సిల్, 2021 చట్టం కింది రాష్ట్ర మండలి, మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ ఎవరి జాబితాలు వారు ఉంచుకున్నా, పౌరునికి కనిపించే కిటికీ ఒక్కటే ఉండాలి. పేరో, సంఖ్యో కొడితే ఆ వ్యక్తి చదువు, శిక్షణ, చేయదగిన పని, చేయకూడని పని బెంగాలీలోనో తెలుగులోనో తెలియాలి. బోర్డు మీద, బిల్లు మీద, యాప్ తెర మీద ఆ సంఖ్య తప్పనిసరి చేయాలి.

రెండవది, అంతస్తుల వారీ గుర్తింపు. మందు రాసేవారు, వ్యాధి నిర్ధారణ చేసేవారు, చికిత్సా సంభాషణ నడిపేవారు, మొదటి పలకరింపుతో ఆదుకునేవారు అందరూ ఒకటి కారు. ఒక్కొక్కరి పని హద్దు స్పష్టంగా రాయాలి. కింది అంతస్తుకు పట్టా అడగనక్కరలేదు. శిక్షణనూ పై నిపుణుని పర్యవేక్షణనూ తప్పక అడగాలి. ఇప్పటికే పనిచేస్తున్నవారికి మూడు నాలుగేళ్ల గడువిచ్చి, వారి శిక్షణలోని లోటును భర్తీ చేసుకునే దారి చూపాలి.

మూడవది, ఫిర్యాదుకు చోటు. బాధితుని పేరు బయటకు రాకుండా విచారించే వ్యవస్థ లేనిదే రిజిస్టరు వట్టి అలంకారం అవుతుంది. ఆ విచారణ సంఘంలో వృత్తిలోనివారే కాక, చికిత్స పొందిన అనుభవం ఉన్నవారూ, న్యాయం తెలిసినవారూ ఉండాలి. వైద్యుల మీద ఫిర్యాదులను వైద్యులే విన్నప్పుడు ఏమి జరుగుతుందో దేశం చూసింది. బెంగాల్ తన 2017 చట్టంతో వైద్య సంస్థల మీద ఫిర్యాదులకు ప్రత్యేక కమిషన్‌ను నిలబెట్టగలిగింది. వ్యక్తుల విషయంలోనూ అంత పట్టుదల చూపడానికి అడ్డేమిటి?

నాలుగవది, తెలుగు రాష్ట్రాలకు ప్రత్యేకించి సంబంధించినది. సుప్రీంకోర్టు ఆదేశాన్ని పాటించామని చూపడానికి కార్పొరేట్ కళాశాలలు, కోచింగ్ కేంద్రాలు ‘కౌన్సెలర్’ అన్న హోదాను ఒక అధ్యాపకునికో, ప్రవేశాల విభాగంలోని ఉద్యోగికో తగిలించే ప్రమాదం కళ్లెదుటే ఉన్నది. మార్కులు తగ్గిన పిల్లవాడిని కూర్చోబెట్టి ‘ఇంకా కష్టపడు’ అని చెప్పడానికే కౌన్సెలింగ్ అని పేరు పెట్టిన సంస్థలు తెలుగువారికి కొత్త కాదు. నియమితుని పేరు, రిజిస్టరు సంఖ్య, శిక్షణ వివరాలు జిల్లా విద్యాధికారికీ తల్లిదండ్రులకూ ఇవ్వాలన్న నిబంధన పెట్టడానికి ప్రభుత్వానికి ఖర్చేమీ లేదు. ఆ కౌన్సెలర్ యాజమాన్యం జీతం తీసుకుంటున్నా, విద్యార్థి చెప్పిన మాటను యాజమాన్యానికి చేరవేయరాదన్న షరతు కూడా అందులోనే ఉండాలి.

ఏటా జూన్ నెలలో విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాదు రైల్వేస్టేషన్లలో ట్రంకు పెట్టెలతో, పరుపు చుట్టలతో పిల్లలు దిగుతారు. కొందరు శ్రీకాకుళం నుంచి, కొందరు ఆదిలాబాదు నుంచి, మరికొందరు హౌరా రైలులో. వెంట వచ్చిన తండ్రి హాస్టల్ గది చూస్తాడు, భోజనం రుచి చూస్తాడు, ఫీజు రసీదు జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుంటాడు. ‘ఇక్కడ కౌన్సెలర్ ఎవరు, వారి రిజిస్ట్రేషన్ నంబరు ఎంత’ అని కూడా ఆయన అడగగలగాలి. అడిగితే ఆఫీసులో కూర్చున్న గుమాస్తా ఒక సంఖ్య చెప్పగలగాలి. ఆ తండ్రి తన ఫోనులోనే ఆ సంఖ్య నిజమో కాదో సరిచూసుకోగలగాలి.